పాత ప్యాకేజ్‌కి పాత కంపైలర్ కావాలంటే సిస్టమ్ మొత్తాన్ని వెనక్కి లాగక్కర్లేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ల్యాబ్‌లో ఉబుంటు 20.04 మీద, జీసీసీ అనే కంపైలర్ (సోర్స్ కోడ్‌ని మెషిన్ నడిపే ప్రోగ్రామ్‌గా మార్చేది) 9వ వెర్షన్‌తో ఏళ్లుగా నడిచిన సిమ్యులేషన్ కోడ్ ఉంది. అందులో కొంత ఫోర్ట్రాన్, కొంత సీ++, కింద రెండు మూడు పాత సీ లైబ్రరీలు. కొత్త మెషిన్‌లో 24.04 వేశారు, దానితో వచ్చేది జీసీసీ 13. ఇప్పుడు సోర్స్ నుంచి బిల్డ్ చేస్తుంటే సీ++ భాగం ‘యూఇంట్32_టీ’ అనే ఇంటిజర్ టైప్ డిక్లేర్ కాలేదని ఆగిపోతోంది. ఫోర్ట్రాన్ భాగం ఆర్గ్యుమెంట్ టైపులు కలవడం లేదంటోంది. అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో (ఒక పేరు ఏ ప్రోగ్రామ్‌ని పిలవాలో మార్చే కమాండ్) సిస్టమ్ జీసీసీనే 9కి మార్చేయమని తోటివాళ్ల సలహా. స్పాక్ అనే ప్యాకేజ్ మేనేజర్ వాడితే ఒక్క ప్యాకేజ్‌కే కంపైలర్ వెర్షన్ పిన్ చేయొచ్చని, అంటే ఒక వెర్షన్‌కి కట్టేయొచ్చని విన్నారు. రెండింటిలో ఏది చేయాలి, ఎలా చేయాలి అన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను. సిస్టమ్ జీసీసీ జోలికి వెళ్లకండి. పిన్ అవసరమా కాదా అన్నది ముందు ఎర్రర్‌ని బట్టి తేల్చుకోండి. అవసరమైతే ఆ ప్యాకేజ్ బిల్డ్‌కే పెట్టండి, దానితో సీ++ లేదా ఫోర్ట్రాన్ ద్వారా లింక్ అయ్యేవాటిని కూడా కలుపుకోండి. పెట్టాక అది నిజంగా పట్టిందా అని బైనరీ తెరిచి చూడండి. ఈ చివరి పని చాలామంది వదిలేస్తారు, ఎక్కువ నష్టం అక్కడే జరుగుతుంది.

మీ రెండు ఎర్రర్లనే ముందు తీసుకుందాం. నా అంచనా ప్రకారం ఈ రెండింటికీ పిన్ అక్కర్లేదు.

‘యూఇంట్32_టీ’ గొడవ జీసీసీ 13తో వచ్చింది. అంతకుముందు సీ++ స్టాండర్డ్ లైబ్రరీ హెడర్లు కొన్ని లోపల్లోపల ‘సీఎస్‌టీడీఇంట్’ హెడర్‌ని కలుపుకునేవి. మీ కోడ్ ఆ హెడర్‌ని అడగకపోయినా పని నడిచిపోయేది. 13లో ఆ లోపలి కలుపుకోళ్లు తగ్గించారు. అంటే తప్పు మొదటి నుంచీ మీ కోడ్‌లోనే ఉంది, ఇప్పుడు బయటపడిందంతే. ఎర్రర్ కిందే ఏ హెడర్ పెట్టాలో కంపైలర్ నోట్ రాస్తుంది చూడండి. ఆ ఒక్క ఇంక్లూడ్ లైన్ చేర్చండి. సోర్స్ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే సీఎక్స్‌ఎక్స్‌ఫ్లాగ్స్‌లో (సీ++ కంపైలర్‌కి ఆప్షన్లు ఇచ్చే వేరియబుల్) ‘-ఇంక్లూడ్ సీఎస్‌టీడీఇంట్’ అని ఇస్తే ప్రతి ఫైల్‌కీ ముందుగా అది చేరుతుంది. సీ కోసం ఉండే సీఫ్లాగ్స్‌లో మాత్రం ఇవ్వకండి. ఆ హెడర్ సీ భాషలో లేదు, సీ ఫైళ్లన్నీ పడిపోతాయి.

ఫోర్ట్రాన్ ఎర్రర్ జీసీసీ 10 నాటిది. ఒకే సబ్‌రొటీన్‌ని ఒకచోట రియల్ అరేతో, ఇంకోచోట ఇంటిజర్ అరేతో పిలిస్తే 9 వరకూ సర్దుకుపోయేది, 10 నుంచి ఎర్రర్. పాత పద్ధతిలో ఎంపీఐ (ప్రాసెస్‌ల మధ్య డేటా పంపే లైబ్రరీ ప్రమాణం) కాల్స్ రాసిన కోడ్‌లన్నీ దీనికి బలి అయ్యాయి, ఎంపీఐ లైబ్రరీల్లో ఒకటైన ఎంపీఐసీహెచ్ పాత వెర్షన్లతో సహా. ‘-ఎఫ్‌అలౌ-ఆర్గ్యుమెంట్-మిస్‌మ్యాచ్’ అనే ఫ్లాగ్ ఎఫ్‌సీఫ్లాగ్స్‌లో (ఫోర్ట్రాన్ ఆప్షన్ల వేరియబుల్) ఇస్తే ఎర్రర్ వార్నింగ్‌గా మారి బిల్డ్ ముందుకు సాగుతుంది. కానీ ఆ వార్నింగులు ఒకసారి ఓపికగా చదవండి. ఎంపీఐ సెండ్, రిసీవ్ కాల్స్ మీద వచ్చేవి నిరపాయం. మీ సొంత సబ్‌రొటీన్ల మీద వస్తే నిజంగానే బగ్ అయ్యే అవకాశం గట్టిగా ఉంది. డబుల్ ప్రెసిషన్ ఆశించే చోట మామూలు రియల్ పంపడం లాంటివి ఇలాగే దొరుకుతాయి.

ఇలా ఒక్కో జీసీసీ వెర్షన్ ఒక్కో పాత అలవాటుని కట్ చేస్తూ వచ్చింది, వాటిలో చాలావాటికి ఒక ఫ్లాగ్ చాలు. 2020లో వచ్చిన 10వ వెర్షన్ సీ భాషకి ‘-ఎఫ్‌నో-కామన్’ డిఫాల్ట్ చేసింది. హెడర్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా గ్లోబల్ వేరియబుల్ రాసుకున్న కోడ్ లింక్ దగ్గర ‘మల్టిపుల్ డెఫినిషన్’ అని ఏడుస్తుంది. ‘-ఎఫ్‌కామన్’ ఇస్తే పోతుంది. 11వది సీ++ డిఫాల్ట్‌ని సీ++17 చేసింది. 2025లో వచ్చిన 15వది సీ డిఫాల్ట్‌ని సీ23కి తీసుకెళ్లింది. దానితో బూల్, ట్రూ, ఫాల్స్ కీవర్డులయ్యాయి, ఖాళీ బ్రాకెట్ల ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లే లేవని అర్థం మారింది. ‘-ఎస్‌టీడీ=జీఎన్‌యూ17’ ఇస్తే పాత అర్థాలు తిరిగి వస్తాయి. భాష స్టాండర్డ్‌ని పిన్ చేయడం కంపైలర్‌ని పిన్ చేయడం కంటే చాలా చవక. కంపైలర్ పాతదైతే బగ్ ఫిక్సులూ, కొత్త ప్రాసెసర్ల సపోర్టూ పోగొట్టుకుంటాం. స్టాండర్డ్ చెబితే పోయేదేమీ లేదు.

14వ వెర్షన్ గురించి మాత్రం విడిగా చెప్పాలి. 24.04లో డిఫాల్ట్ 13 కాబట్టి మీకింకా తగల్లేదు, డెబియన్ 13కి వెళ్తే తగులుతుంది. సీ కోడ్‌లో డిక్లేర్ చేయని ఫంక్షన్‌ని పిలవడం, టైప్ రాయకుండా వదిలేయడం, పాయింటర్‌నీ ఇంటిజర్‌నీ కలిపేయడం ఇన్నాళ్లూ వార్నింగులే. 14 నుంచి డిఫాల్ట్‌గా ఎర్రర్లు. కోడ్‌లో ఎర్రర్ వస్తే కళ్లకు కనిపిస్తుంది, దిద్దుకుంటాం. కనిపించనిది కాన్ఫిగర్ స్క్రిప్ట్‌లో ఉంటుంది.

పాత ఆటోకాన్ఫ్‌తో (బిల్డ్‌కి ముందు మెషిన్‌ని పరీక్షించే స్క్రిప్ట్ తయారుచేసే టూల్) పుట్టిన కాన్ఫిగర్ స్క్రిప్ట్ ఎలా పనిచేస్తుందో గుర్తు చేసుకోండి. ఫలానా సౌకర్యం ఈ మెషిన్‌లో ఉందా అని తెలుసుకోవడానికి నాలుగు లైన్ల సీ ప్రోగ్రామ్ రాసి కంపైల్ చేస్తుంది. కంపైల్ అయితే ‘ఎస్’, కాకపోతే ‘నో’. 1990లలో రాసిన ఆ నాలుగు లైన్లలో మెయిన్‌కి ముందు ఇంట్ ఉండదు, ఎగ్జిట్ అని పిలుస్తారు గానీ దాని హెడర్ ఉండదు. జీసీసీ 13 ఇవి చూసి వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది, జవాబు ‘ఎస్’. జీసీసీ 14 ఎర్రర్ ఇస్తుంది, జవాబు ‘నో’. మెషిన్‌లో ఆ సౌకర్యం భేషుగ్గా ఉంది, పరీక్ష రాసిన తీరు పాతది, అంతే. కానీ స్క్రిప్ట్‌కి ఆ తేడా తెలియదు. లేదనుకుని కాన్ఫిగ్ హెడర్‌లో ఆ లైన్‌ని కామెంట్‌గా మార్చి ముందుకు పోతుంది. బిల్డ్ పచ్చగా పూర్తవుతుంది, ఒక ఫీచర్ మాత్రం మాయం, లేదా నెమ్మదైన ప్రత్యామ్నాయం లోపలికి వచ్చి కూర్చుంటుంది. ఫెడోరా అనే లినక్స్ డిస్ట్రో వాళ్లు 14 రాకముందే తమ ప్యాకేజ్‌లను దీనికోసం జల్లెడ పట్టింది ఇందుకే.

దీన్ని పట్టుకునే పద్ధతి ఒకటే. రెండు ఖాళీ డైరెక్టరీలు తీసుకుని ఒకదాంట్లో పాత కంపైలర్‌తో, ఇంకోదాంట్లో కొత్తదానితో కాన్ఫిగర్ మాత్రం నడపండి. రెండు చోట్లా పుట్టిన కాన్ఫిగ్ హెడర్‌లను డిఫ్ చేయండి. ఒకచోట ‘హ్యావ్’ అని మొదలయ్యే మ్యాక్రో ఉండి ఇంకోచోట అదే లైన్ ‘అన్‌డెఫ్’ అయి కామెంట్‌లో కనిపిస్తే, ఆ పేరుతో కాన్ఫిగ్ లాగ్‌లో వెతకండి. పరీక్ష ప్రోగ్రామ్, దాని కింద కంపైలర్ చెప్పిన ఎర్రర్ అక్కడ యథాతథంగా ఉంటాయి. కొత్త ఆటోకాన్ఫ్‌తో స్క్రిప్ట్‌ని మళ్లీ పుట్టించగలిగితే చాలాసార్లు సరిపోతుంది. అది కుదరని పాత ప్యాకేజ్‌కి కంపైలర్‌ని 13 దగ్గర పిన్ చేయడం పూర్తిగా న్యాయమైన పని.

నిజంగా పిన్ కావాల్సిన సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. గ్రాఫిక్స్ ప్రాసెసర్ల కోసం ఎన్విడియా ఇచ్చే క్యూడా వాటిలో మొదటిది. ఎన్విడియా కంపైలర్ హోస్ట్ కోడ్ (మామూలు ప్రాసెసర్ మీద నడిచే భాగం) కోసం జీసీసీనే పిలుస్తుంది, ఒక్కో క్యూడా వెర్షన్‌కి ఒక్కో పై హద్దు ఉంది. 12.0 అయితే జీసీసీ 12 దాకా, 13 కావాలంటే క్యూడా 12.4 ఉండాలి. హద్దు దాటితే మొదటి హెడర్ దగ్గరే ‘అన్‌సపోర్టెడ్ జీఎన్‌యూ వెర్షన్’ అంటుంది. దాన్ని దాటేసే ఫ్లాగ్ ఒకటుంది గానీ వాడకండి. బిల్డ్ అవుతుంది, తర్వాత ఏ టెంప్లేట్ ఎక్కడ విరుగుతుందో తెలీదు. ‘సీసీబిన్’ ఆప్షన్‌తో, సీమేక్ అనే బిల్డ్ టూల్ అయితే ‘క్యూడాహోస్ట్‌సీఎక్స్‌ఎక్స్’ వేరియబుల్‌తో హోస్ట్ కంపైలర్‌ని చెప్పండి. సోర్స్ లేకుండా బైనరీగా మాత్రమే దొరికే ఫోర్ట్రాన్ లైబ్రరీ రెండో సందర్భం, దాని మాడ్ ఫైళ్లు (కంపైల్ అయిన మాడ్యూల్ వివరాలు) ఏ కంపైలర్‌తో పుట్టాయో దానికే కట్టుబడాలి. మూడోది పాత రన్‌లో వచ్చిన అంకెలే మళ్లీ రావాలనుకోవడం.

ఆ మూడోదాని విషయంలో ఒక భ్రమ తొలగించుకోవాలి. 20.04 మొదట 9.3.0తో వచ్చింది, తర్వాత అప్‌డేట్లలో 9.4.0 అయింది. 24.04లో ‘జీసీసీ-9’ ప్యాకేజ్ వేసుకుంటే వచ్చేది 9.5.0. మూడూ ‘9’లే. పైగా సైన్, ఎక్స్‌పొనెన్షియల్ లాంటివి లెక్కించేది కంపైలర్ కాదు, జీలిబ్‌సీ అనే సిస్టమ్ సీ లైబ్రరీలోని మ్యాథ్ లైబ్రరీ. అది 20.04లో 2.31, 24.04లో 2.39. ఓపెన్‌బ్లాస్ అనే మ్యాట్రిక్స్ లెక్కల లైబ్రరీ అయితే నడుస్తున్న ప్రాసెసర్‌ని చూసి తన లెక్క రొటీన్ ఎంచుకుంటుంది. వీటికి తోడు మీ మేక్‌ఫైల్‌లో ‘-మార్చ్=నేటివ్’ (ఈ మెషిన్ ప్రాసెసర్‌కి తగ్గట్టు కట్టమనే ఫ్లాగ్) ఉంటే, కొత్త ప్రాసెసర్ మీద గుణకారం, కూడిక కలిసిన ఎఫ్‌ఎంఏ ఇన్‌స్ట్రక్షన్లు వచ్చి చివరి అంకెలు మారొచ్చు. కాబట్టి చివరి బిట్ దాకా పాత ఫలితమే కావాలంటే కంపైలర్ పిన్ ఒక్కటే చాలదు, 20.04 కంటైనర్‌లోనే (పాత సిస్టమ్ ఫైళ్లతో విడిగా నడిచే వాతావరణం) బిల్డ్ చేసి అందులోనే నడపండి. ప్రాసెసర్ ఫ్లాగ్‌ని కూడా పేరు పెట్టి రాయండి. కంటైనర్‌ని కూడా ట్యాగ్‌తో కాకుండా డైజెస్ట్‌తో (ఇమేజ్ కంటెంట్ హ్యాష్) పిన్ చేయండి, ఎందుకంటే ట్యాగ్ కింద ఉండే ఇమేజ్ మారుతూ ఉంటుంది.

ఇప్పుడు అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ సలహా. ఒక ఇంట్లో ఫ్యూజు మార్చడానికి వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఆపేసినట్టుంటుంది అది. సిస్టమ్‌లో ‘జీసీసీ’ అనే పేరు మీద ఆధారపడేవి మీ కోడ్ ఒక్కటే కాదు. ఎన్విడియా డ్రైవర్ లాంటి కెర్నల్ మాడ్యూళ్లను డీకేఎంఎస్ అనే వ్యవస్థ ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కీ మళ్లీ బిల్డ్ చేస్తుంది. కెర్నల్ ఏ కంపైలర్‌తో తయారైందో ఆ కంపైలర్ ఫ్లాగులు మాడ్యూల్‌కీ వస్తాయి. 22.04 వాళ్లకి 6.5 కెర్నల్ వచ్చినప్పుడు ఇదే జరిగింది: కెర్నల్ జీసీసీ 12తో బిల్డ్ అయింది, మెషిన్‌లో డిఫాల్ట్ 11. ‘-ఎఫ్‌ట్రివియల్-ఆటో-వార్-ఇనిట్=జీరో’ అనే ఫ్లాగ్ 11కి తెలియదు, మాడ్యూల్ బిల్డ్ విఫలం, రీబూట్ అయ్యాక డిస్‌ప్లే లేదు. ఆ ఫ్లాగ్ 12లో పుట్టింది. మీరు డిఫాల్ట్‌ని 9 చేస్తే అదే గోతిలో పడే దారి తెరిచినట్టే.

ఇంకోటి ఏంటంటే, ఉబుంటులో ‘జీసీసీ’ అనే లింక్ ఆల్టర్నేటివ్స్ వ్యవస్థ చేతిలో ఉండదు, అది జీసీసీ ప్యాకేజ్ సొంత ఫైల్. మీరు దాని మీద ఆల్టర్నేటివ్ పెట్టినా, ఆ ప్యాకేజ్ అప్‌గ్రేడ్ అయినప్పుడు లింక్ మళ్లీ పాత స్థానానికి పోవచ్చు. చాలామంది జీసీసీని మార్చి జీ++, జీఫోర్ట్రాన్‌లను మర్చిపోతారు కూడా. అప్పుడు సీ ఒక వెర్షన్‌తో, సీ++ ఇంకో వెర్షన్‌తో బిల్డ్ అవుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, రేపు ల్యాబ్‌లోకి వచ్చే జూనియర్‌కి ఈ మార్పు ఎక్కడా కనిపించదు. ప్యాకేజ్ రిపోజిటరీలో దాని జాడే ఉండదు.

ఉబుంటులో పాత, కొత్త జీసీసీలు పక్కపక్కనే ఉండగలవు. ‘జీసీసీ-12’, ‘జీ++-12’, ‘జీఫోర్ట్రాన్-12’ వేసుకుంటే ఆ పేర్లతోనే వేరే బైనరీలు వస్తాయి, డిఫాల్ట్ కదలదు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో అయితే ‘జీసీసీ-టూల్‌సెట్’ ప్యాకేజ్‌లు ఇదే పని చేస్తాయి. ఇక ఆ పేరుని బిల్డ్‌కి ఎలా అందించాలన్నది బిల్డ్ వ్యవస్థని బట్టి మారుతుంది. తప్పులు జరిగేది కూడా ఇక్కడే.

ఆటోకాన్ఫ్ ప్యాకేజ్ అయితే సీ, సీ++, ఫోర్ట్రాన్ కంపైలర్ల పేర్లు చెప్పే సీసీ, సీఎక్స్‌ఎక్స్, ఎఫ్‌సీ, పాత కోడ్‌కి ఎఫ్77 కూడా, కాన్ఫిగర్ కమాండ్‌కే ఆర్గ్యుమెంట్లుగా ఇవ్వండి. అప్పుడు కాన్ఫిగ్ లాగ్ పైభాగంలో మీరిచ్చిన కమాండ్ అచ్చంగా నమోదవుతుంది, ఆరు నెలల తర్వాత కూడా ఏ కంపైలర్ అడిగారో తెలుస్తుంది.

చేత్తో రాసిన మేక్‌ఫైల్ దగ్గర జాగ్రత్త. లోపల ‘సీసీ = జీసీసీ’ అని రాసి ఉంటే, మీరు ముందే ఎక్స్‌పోర్ట్ చేసిన సీసీ వేరియబుల్‌ని మేక్ పట్టించుకోదు, ఫైల్‌లో రాసిందే నెగ్గుతుంది. మేక్ కమాండ్ లైన్ మీద ‘మేక్ సీసీ=జీసీసీ-12’ అని ఇస్తేనే ఫైల్‌లో ఉన్నదాని మీద నెగ్గుతుంది, కింది సబ్‌డైరెక్టరీల మేక్‌కీ అదే అందుతుంది. ఎక్స్‌పోర్ట్ చేశాను కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్ల పిన్ సగం సార్లు ఇక్కడే జారిపోతుంది. పైగా ఎక్కడా ఎర్రర్ రాదు.

సీమేక్ మొదటిసారి నడిచినప్పుడు కనిపించిన కంపైలర్‌ని క్యాష్ ఫైల్‌లో రాసేసుకుంటుంది. ఆ తర్వాత అదే బిల్డ్ డైరెక్టరీలో సీసీ మార్చి నడిపినా పాతదే వాడుతుంది. బిల్డ్ డైరెక్టరీ తీసేసి కొత్తగా మొదలుపెట్టండి, కంపైలర్‌ని టూల్‌చైన్ ఫైల్‌లోనో ప్రీసెట్ ఫైల్‌లోనో రాసి రిపోజిటరీలో ఉంచండి. రస్ట్ వాళ్లకి టూల్‌చైన్ ఫైల్ ఉంది, గో 1.21 నుంచి మాడ్ ఫైల్‌లోనే టూల్‌చైన్ లైన్ రాయొచ్చు. సీ, సీ++లకి అలా అందరూ ఒప్పుకున్న చోటు లేదు కాబట్టి మనమే ఒక చోటు ఖాయం చేసుకోవాలి.

మీ కోడ్ ఎంపీఐ వాడుతుంది కాబట్టి ఇది తప్పకుండా గమనించండి. ఎంపీఐ రాపర్లు (ఎంపీఐ కోడ్ కట్టేందుకు అసలు కంపైలర్‌ని పిలిచే కమాండ్లు) లోపల ఏ కంపైలర్‌ని పిలుస్తాయో వాటిని బిల్డ్ చేసినప్పుడే నిర్ణయమైపోయింది. ఓపెన్ ఎంపీఐలో ‘ఓఎంపీఐ_సీసీ’, ‘ఓఎంపీఐ_ఎఫ్‌సీ’ వేరియబుల్స్‌తో మార్చొచ్చు, ‘షోమీ’ ఆప్షన్ ఇస్తే అసలు పిలిచే కమాండ్ చూపిస్తుంది. సీ వరకు ఈ మార్పు సాధారణంగా చాలు. ఫోర్ట్రాన్‌లో మీరు ఎంపీఐని ‘యూజ్’తో తెచ్చుకుంటుంటే చాలకపోవచ్చు. ఎంపీఐ మాడ్ ఫైల్ వేరే జీఫోర్ట్రాన్‌తో పుట్టి, దాని ఫార్మాట్ కలవకపోతే ‘క్రియేటెడ్ బై ఎ డిఫరెంట్ వెర్షన్’ అని నిరాకరిస్తుంది. అప్పుడు ఎంపీఐని కూడా అదే కంపైలర్‌తో బిల్డ్ చేయక తప్పదు.

పిన్ ఒక్క ప్యాకేజ్‌తో ఎందుకు ఆగదో ఇక్కడ అర్థమవుతుంది. శుద్ధమైన సీ లైబ్రరీలకి ఈ బెడద దాదాపు లేదు, మీ కింది సీ లైబ్రరీలు సిస్టమ్ జీసీసీ 13తో ఉన్నా పైవాళ్లకి ఇబ్బంది లేదు. సీ++, ఫోర్ట్రాన్ అలా కాదు. జీఫోర్ట్రాన్ రన్‌టైమ్ లైబ్రరీ నంబర్ జీసీసీ 6 దాకా 3, 7లో 4, 8 నుంచి 5. ఒకే ప్రాసెస్‌లోకి రెండు వస్తే ఏ ఫైల్ హ్యాండిల్ ఎవరిదో చెప్పలేం. సీ++లో జీసీసీ 5 దగ్గర స్ట్రింగ్, లిస్ట్ లోపలి ఆకారమే మారింది. లింక్ ఎర్రర్‌లో ‘సీఎక్స్‌ఎక్స్11’ అన్న ముక్క కనిపిస్తే ఒక వైపు పాత ఆకారం, ఇంకో వైపు కొత్తది ఉందని అర్థం. ఎల్‌టీఓతో (లింక్ సమయంలో చేసే ఆప్టిమైజేషన్) కట్టిన స్టాటిక్ లైబ్రరీలైతే వేరే మేజర్ వెర్షన్ వాటిని చదవనే చదవదు.

దిశ కూడా గుర్తుంచుకోండి. కొత్త కంపైలర్‌తో బిల్డ్ చేసి పాత రన్‌టైమ్ ఉన్న మెషిన్‌లో నడిపితే ‘జీలిబ్‌సీఎక్స్‌ఎక్స్_3.4.30 నాట్ ఫౌండ్’ అని ఆగుతుంది. ఆ 3.4.30 జీసీసీ 12తో వచ్చింది. పాత కంపైలర్‌తో బిల్డ్ చేసి కొత్త రన్‌టైమ్‌తో నడిపితే మామూలుగా నడుస్తుంది. అందుకే మీ 24.04లో జీసీసీ 12తో బిల్డ్ చేసినా రన్‌టైమ్ కొత్తదే ఉండనివ్వండి, దాన్ని కిందికి దించే ప్రయత్నం చేయొద్దు.

ఇంత సరంజామాని చేత్తో నడపడం కష్టం కాబట్టే హెచ్‌పీసీ (సూపర్ కంప్యూటింగ్) వాళ్లు స్పాక్, ఈజీబిల్డ్ లాంటివి కట్టుకున్నారు. బెల్జియంలోని ఘెంట్ యూనివర్సిటీలో మొదలైన ఈజీబిల్డ్ ఈ గుంపునే టూల్‌చైన్ అని పేరు పెట్టి పిన్ చేస్తుంది. ‘ఫాస్ 2023ఎ’ అంటే జీసీసీ 12.3.0, ఓపెన్ ఎంపీఐ 4.1.5, ఓపెన్‌బ్లాస్ 0.3.23, ఫూరియే లెక్కల లైబ్రరీ ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ 3.3.10 కలిసి ఒక మాట. పైన కట్టేవన్నీ ఆ మాట మీదే నిలబడతాయి. పెద్ద క్లస్టర్‌లో పదిమంది వాడే సాఫ్ట్‌వేర్‌కి నాకు ఇది నచ్చిన పద్ధతి.

అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో పుట్టిన స్పాక్ మీ అవసరానికి ఇంకాస్త వీలుగా ఉంటుంది. ప్యాకేజ్ పేరు పక్కన పర్సెంట్ గుర్తు పెట్టి ‘జీసీసీ@12.3.0’ అంటే ఆ కంపైలర్‌తో కట్టమని. కంపైలర్ మారితే ఇన్‌స్టాల్ హ్యాష్ మారుతుంది, కాబట్టి ఒకే లైబ్రరీ రెండు కంపైలర్లతో పక్కపక్కన ఉండొచ్చు, ఒకదాని మీద ఒకటి రాసుకోవు. కానీ కమాండ్ లైన్‌లో పైప్యాకేజ్‌కి మాత్రమే కంపైలర్ చెబితే కింది డిపెండెన్సీలు అన్నీ దానికి కట్టుబడి ఉంటాయని అనుకోవద్దు. ‘ప్యాకేజెస్’ యామల్ ఫైల్‌లో ‘ఆల్’ కింద ‘ప్రిఫర్’ కాకుండా ‘రిక్వైర్’ అని రాయండి. ప్రిఫర్ అంటే కుదిరితే అని, రిక్వైర్ అంటే కుదరకపోతే ఆపేయమని. ఇన్‌స్టాల్ కొట్టేముందు ‘స్పాక్ స్పెక్’ నడిపి చెట్టంతా చూడండి. 2025 జులైలో వచ్చిన 1.0 నుంచి కంపైలర్ కూడా ఆ చెట్టులో ఒక డిపెండెన్సీ అయింది. సీకి ఒకటి, ఫోర్ట్రాన్‌కి ఒకటి విడిగా చెప్పడం కూడా వీలవుతుంది.

వెర్షన్ రాయడంలో చిన్న చిక్కు ఉంది. స్పాక్‌లో ‘@12’ అంటే 12లో ఏదైనా సరే. ‘@=12.3.0’ అంటేనే ఖచ్చితంగా అది. జీసీసీలో 12.3కీ 12.4కీ మధ్య వచ్చేవి బగ్ ఫిక్సులే కాబట్టి, బిల్డ్ ఆగిపోతోందన్న కారణానికి పిన్ చేస్తుంటే మేజర్ వెర్షన్ చాలు. అంకెలు తిరిగి రావాలన్న కారణానికైతే పూర్తి వెర్షన్ రాయండి. కోడ్ మీదే అయితే స్పాక్ రెసిపీలో (ప్యాకేజ్ ఎలా కట్టాలో చెప్పే ఫైల్) 12నే వాడమని శాసించకండి, ‘కాన్‌ఫ్లిక్ట్స్’ లైన్‌తో ఫలానా వెర్షన్ దాకా జీసీసీ 14, ఆపైది కలవదని రాయండి. ఏది విరుగుతుందో అది మాత్రమే చెప్పినట్టవుతుంది, మిగతా దారులు తెరిచి ఉంటాయి. ఎన్విరాన్‌మెంట్ యామల్‌నీ లాక్ ఫైల్‌నీ రెండింటినీ గిట్‌లో పెట్టండి.

ఇప్పుడు పిన్ పట్టిందో లేదో చూడటం. తయారైన బైనరీ మీద, లోపలి వివరాలు చూపే ‘రీడ్‌ఎల్ఫ్’ని ‘-పీ .కామెంట్’ ఆప్షన్‌తో నడపండి. ‘జీసీసీ: (ఉబుంటు …) 12.3.0’ లాంటి లైన్ కనిపిస్తుంది. పక్కనే 13 అన్న లైన్ కూడా కనిపిస్తే కంగారు పడొద్దు. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు నడిచే స్టార్టప్ ఆబ్జెక్ట్ ఫైళ్లు సిస్టమ్ జీలిబ్‌సీవి, వాటిని డిస్ట్రో వాళ్లు తమ కంపైలర్‌తో కట్టారు, ఆ ముద్ర కూడా లోపలికి వస్తుంది. 13 ఒక్కటే ఉండి 12 లేకపోతే పిన్ జారిందన్నమాట. రెండూ ఉంటే మీ సొంత ఆబ్జెక్ట్ ఫైల్ ఒకదాన్ని, లింక్ కాకముందే, అదే కమాండ్‌తో చూడండి, అందులో ఒక్క వెర్షనే ఉండాలి. తర్వాత ఏ లైబ్రరీలు లోడ్ అవుతాయో చూపే ‘ఎల్‌డీడీ’ నడిపి జీఫోర్ట్రాన్ లైబ్రరీ ఒక్కటే వస్తోందా, అది మీరనుకున్న చోటు నుంచే వస్తోందా అని చూడండి. ఈ రెండు తనిఖీలు బిల్డ్ స్క్రిప్ట్ చివర పెట్టేసి, తేడా వస్తే స్క్రిప్ట్ ఫెయిల్ అయ్యేలా చేయండి. మనుషులు గుర్తుపెట్టుకుని చూస్తారనే నమ్మకం మీద వదలొద్దు.

పిన్ రాసిన లైన్ పైన కామెంట్‌లో కారణం రాయండి. ‘పాత కంపైలర్ కావాలి’ అని కాదు. ఏ ఫైల్‌లో ఏ ఎర్రర్ వస్తోంది, ఏ వెర్షన్ నుంచి వస్తోంది, ఏ ఫ్లాగ్ ప్రయత్నిస్తే చాలలేదు. ఇది లేని పిన్‌ని తర్వాత ఎవరూ తీయలేరు, తీస్తే ఏమవుతుందో తెలియదు గనక. దీనికి తోడు సీఐలో (ప్రతి మార్పుకీ తనంతట తాను బిల్డ్, టెస్టులు నడిపే వ్యవస్థ) పిన్ లేకుండా, దొరికిన కొత్త జీసీసీతో కట్టే జాబ్ ఇంకొకటి పెట్టండి, అది ఫెయిలైనా మెర్జ్‌ని ఆపకూడదు. అది ఎప్పుడు పచ్చగా మారితే అప్పుడు కాన్ఫిగ్ హెడర్ డిఫ్ ఒకసారి చూసి, టెస్టులు రెండు కంపైలర్లతోనూ నడిపి, పిన్ తీసేయండి.

మీ విషయంలో నేనైతే ఇలా వెళ్తాను. ముందు సిస్టమ్ జీసీసీ 13తోనే, హెడర్ లైన్ చేర్చి, ఫోర్ట్రాన్ ఫ్లాగ్ ఇచ్చి ఖాళీ డైరెక్టరీలో బిల్డ్ చేయండి. బిల్డ్ అయితే పాత మెషిన్‌లో దాచుకున్న ఒక చిన్న రన్ ఫలితంతో పోల్చండి. తేడా మీ పనికి ఒప్పుకోదగ్గ హద్దులో ఉంటే పిన్ ఊసే వద్దు. హద్దు దాటితే 20.04 కంటైనర్‌లో అదే రన్ చేయండి. అక్కడ పాత అంకెలే వచ్చాయంటే, ఆ కంటైనర్‌లోనే కంపైలర్‌ని 9 నుంచి 10కి మార్చి ఒకసారి, ప్రాసెసర్ ఫ్లాగ్ తీసేసి ఒకసారి నడపండి. రెండింటికీ అంకెలు కదలకపోతే మిగిలిన అనుమానం ఎక్కువగా మ్యాథ్ లైబ్రరీ, ఓపెన్‌బ్లాస్ లాంటివాటి మీదే, వాటికి ఏ కంపైలర్ పిన్ చేసినా లాభం ఉండదు. ఆ మూడు రన్‌ల ఫలితాలూ, ఫోర్ట్రాన్ ఫ్లాగ్ ఇచ్చాక వచ్చిన వార్నింగులూ ఇక్కడే కింద పెట్టండి, ఏ సబ్‌రొటీన్ దగ్గర తేడా పుడుతోందో కలిసి వెతుకుదాం.